కంత వదిలిన కప్పు: పర్ణశాల వ్రత కథ

అమ్మలారా, అయ్యలారా, పర్ణశాలల పండుగ ఏడవ దినమున దీపము వెలిగించి, కుడి చేత ఈత మట్ట, ఎడమ చేత దబ్బపండు పట్టుకొని, ఇంటిల్లిపాదీ పాకలో నేల మీద కూర్చుని వినవలసిన కథ ఇది. సెల్‌ఫోన్లు పక్కన పెట్టండి. చంటిబిడ్డ ఏడిస్తే ఏడవనివ్వండి, కథ ఆగదు.

పూర్వము మన తెలుగు యూదుల సంఘములో శాదోకు గురువు, నెరీయా గురువు అని ఇద్దరు పెద్దలుండిరి. ఒకనాటి సాయంకాలము నెరీయా గురువు చేతులు కట్టుకొని ఇట్లడిగెను. అయ్యా, కలిగిన దినమున మనిషి సృష్టికర్తను మరచిపోవుచున్నాడు. చెడిన దినమున విడిచిపోవుచున్నాడు. పైకి లేచినపుడూ కింద పడినపుడూ మనిషిని ఒక్క చోటనే నిలబెట్టే వ్రతమేదైనా ఉన్నదా? ఉంటే ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి, సెలవియ్యవలెను అనెను.

శాదోకు గురువు నవ్వి చెప్పెను. ఉన్నది నాయనా. పెద్ద ఖర్చు కూడా లేదు, నాలుగు గుంజలు, పది మోపుల తాటాకు చాలును. అయితే ఆ పాకను ఆకాశము కిందనే వేయవలెను, మరి దేని కిందనూ వేయరాదు. కప్పు ఎంత నేర్పుగా నేసినా, లోన కూర్చున్నవానికి నక్షత్రము కనబడేటట్లు ఒక కంత వదలవలెను. మంచి దినమున పాడిన పాటనే చెడ్డ దినమునా అదే గొంతుతో పాడవలెను. ఇక అసలు కట్టడ వినుము. ఆ ఏడు దినములూ పైవానితో అలుగవచ్చును, దెబ్బలాడవచ్చును, నిలదీసి అడుగవచ్చును. కాని పాక దిగి పోరాదు. ఈ వ్రతము విడిచి చెడినవాడు, పట్టుకొని బాగుపడినవాడు ఒక్కడే. వాని కథ చెప్పెదను.

కాలువ అవతల యాకోబుపేటలో ఒబేదు అను పాకలు నేసేవాడు ఉండెను. అతని భార్య పేరు హుల్దమ్మ. ఒబేదు నేసిన కప్పు కింద వారము దినములు ముసురు పట్టినా పొయ్యిలో పిడక తడిసేది కాదు. అదే అతని గర్వము. నా కప్పు కారిందని ఒక్కణ్ణి చెప్పమను, ఆకు ముట్టుకోవడం మానేస్తా అని నలుగురిలో అనేవాడు. అందుకే పండుగ పాక వేసేటప్పుడు మాత్రము అతనికి ప్రాణము మీదికి వచ్చేది. పేట పెద్ద అయిన బెరక్యా తాత కర్ర పట్టుకొని దగ్గర నిలబడి, కప్పులో కంత వదిలించేవాడు.

"తాతా, ఎవరన్నా చూస్తే ఒబేదు చెయ్యి పడిపోయిందనుకుంటారు."

"అనుకోనీరా. పైనున్నాయన నీ ఇంట్లోకి తొంగి చూడాలంటే ఎక్కడి నుంచి చూస్తాడు? తలుపు కొడతాడా ఏంది?"

ఒబేదు పళ్ళు కొరుక్కుంటూనే కంత వదిలేవాడు. సాయంకాలము భార్యాభర్తలు కింద కూర్చుని పేటవారితో కలిసి పాట పాడేవారు.

ఎండ నీదే, వాన నీదే,
కప్పు నీదే, కంత నీదే,
ఉన్ననాడూ ఇక్కడే, లేనినాడూ ఇక్కడే,
పాక దిగము, నిన్ను విడువము.

ఇట్లుండగా సిమెంటు కాలము వచ్చెను. తాటాకు అడిగేవాడు లేకపోయెను. ఒబేదు బుద్ధిమంతుడు గనుక స్లాబు కింద చెక్కలు, గుంజలు బిగించే సెంట్రింగు పని నేర్చి, నాలుగేళ్ళలో స్లాబు మేస్త్రీ ఆయెను. యాకోబుపేటలో మొట్టమొదటి స్లాబు ఇల్లు అతనిదే. ముందు పోర్టికో కూడా వేసెను. అతని తండ్రీ తాతా బతికినన్నాళ్ళూ నడుము వంచి పాకలోకి దూరినవారే. తాను నిటారుగా నడిచి ఇంట్లోకి పోగలుగుచున్నానని గుమ్మము దాటినప్పుడల్లా అతని ఛాతీ పొంగేది.

పండుగ వచ్చెను. స్లాబు వేసుకున్నవాడు మళ్ళీ పాకలో దూరితే ఊరంతా నవ్వుతుందని ఒబేదు భయపడెను. పోర్టికో కిందనే నాలుగు ఈత మట్టలు వేలాడదీసి, ఇదే పర్ణశాల అనెను.

హుల్దమ్మ నడుము మీద చేయి వేసుకొని చూసెను. "ఏందయ్యా ఇది? నక్షత్రమేది?"

"పాకకంటే గట్టిది. మనుషులకే స్లాబు వేస్తుంటే దేవుడికి ఆకులేంది? మర్యాద పెంచాగానీ తగ్గించానా?"

"గట్టిది కావాలని ఆయనేమన్నా అడిగాడా?"

ఒబేదు వినలేదు. ఆ సంవత్సరము పాట కూడా గొంతులోనే పాడిరి, పక్కింటికి వినబడకుండా.

నిర్లక్ష్యమునకు ఫలము వెంటనే వచ్చెను. ఒడ్ల వ్యాపారి పేరయ్య షావుకారు గోదాముకు ఒబేదు స్లాబు వేసెను. స్లాబు గట్టిపడేదాకా కింద పెట్టిన గుంజలు ఇంకా వారము దినములుండవలెను. బస్తాలు వస్తున్నవి, తీసెయ్యమని షావుకారు తొందర పెట్టెను. నేనేసిన స్లాబుకి గుంజలతో పనేంది అని ఒబేదు గుంజలు లాగించెను. స్లాబు కూలెను. కూలీలందరూ అప్పటికే బయటికి వచ్చి ఉండబట్టి ప్రాణాలు దక్కెను గాని, వెనుకబడిన ఒబేదు కాలు విరిగెను. జరిగిన నష్టమునకు ఇంటి తాళాలు షావుకారు చేతిలో పెట్టి, భార్యను వెంటబెట్టుకొని కాలువ గట్టున రేకుల కొట్టములో చేరెను. ఊరివారు అతనికి కూలిన మేస్త్రీ అని పేరు పెట్టిరి. పని చెప్పేవాడు లేకపోయెను.

మరుసటి ఏడు పండుగ వచ్చేసరికి ఒబేదు వణికిపోయెను. ఈసారి ఆయనకు కోపము రాకూడదని ఆకు మీద ఆకు మూడు వరసలు వేసి, గాలి కూడా దూరకుండా పాక నేసెను. కంత ఊసే ఎత్తలేదు. ఏడు దినములు లోన కూర్చుని, నా ఇల్లు నాకియ్యి, నా పేరు నాకియ్యి అని వేడుకొనెను. పాట పాడినది తక్కువ, జాబితా చదివినది ఎక్కువ. ఎనిమిదవ దినమున ఎవడైనా పనికి పిలుస్తాడని గట్టున నిలబడి చూసెను. ఎవడూ రాలేదు. పైగా ఉన్న ఒక్క గేదె కాలువలో జారిపడి చచ్చెను.

బెరక్యా తాత వచ్చి పాకలోకి తల పెట్టి చూసి, పెదవి విరిచెను. "నువ్వు పాక వెయ్యలేదురా. పైవాడికి మూత పెట్టావు."

ఒబేదుకు ఒళ్ళు మండెను. ఇచ్చినా తప్పే, ఇయ్యకపోయినా తప్పేనా అని ఆ పాకను తన చేతులతోనే పీకి పారవేసెను. ఇక ఈ పేటా వద్దు, ఈ పాకా వద్దు, ఆయనా వద్దు, పట్నము పోయి వాచ్‌మన్ పని చేసుకుంటానని పంతము పట్టెను. కాలు కుదిరేసరికి ఏడాది గడిచెను. మూడవ ఏటి పండుగ రాగానే బయలుదేరుటకు సంచి సర్దుకొనెను.

హుల్దమ్మ బతిమాలలేదు. పేటలో నలుగురిని అడిగి ఆకు తెచ్చి, తానే నాలుగు గుంజలు పాతి పాక వేసెను. నేత తెలియని చేయి గనుక అది ఒక పక్కకు ఒరిగి ఉండెను. ఒబేదు సంచి ఒళ్ళో పెట్టుకొని, పాకకు వీపు తిప్పి గట్టున కూర్చుండెను.

"ఒక్కదానివే ఎంతసేపు కూర్చుంటావు?"

"ఏడు రోజులు. ఎవరు పోయినా నేను దిగను. నువ్వు పోతావా, పో. సంచిలో నా దువ్వెన పెట్టుకున్నావు, అది ఇచ్చి పో."

అతడు దువ్వెన ఇచ్చెను. పోలేదు. ఏదో పని ఉన్నట్లు మరునాడూ అక్కడే కూర్చుండెను.

నాలుగవ దినమున తుఫాను వచ్చెను. పేటవారందరూ, దిగనన్న హుల్దమ్మను కూడా లాక్కొనిపోయి, ప్రార్థన మందిరములో తలదాచుకొనిరి. ఐదవ దినము ఉదయమున గాలి తగ్గగానే భార్యాభర్తలు గట్టుకు వచ్చి చూసిరి. కొట్టము లేదు, రేకులు లేవు. సంచి కాలువలో తేలుచుండెను. హుల్దమ్మ వేసిన పాక గుంజలతో సహా పోయెను.

ఒబేదు కుంటి కాలు ఈడ్చుకుంటూ గట్టు మీదికెక్కి, తలెత్తి అరిచెను.

"ఇల్లు తీసుకున్నావు. పేరు తీసుకున్నావు. గేదెను తీసుకున్నావు. ఊరుకున్నా. ఆడమనిషి చేతకాక కట్టిన ఆ నాలుగాకుల మీద నీకేందయ్యా అంత కన్ను? పొమ్మంటున్నావా? పోను! నిన్న పోదామనుకున్నా, ఇప్పుడు అసలు పోను. ఏడు రోజులన్నావు, ఇంకా మూడున్నాయి. నువ్వు పడగొట్టు, నేను వేస్తా. ఎవరు ముందు అలిసిపోతారో చూసుకుందాం!"

ఇతరులైతే లెంపలు వేసుకొమ్మని చెప్పేవారే. హుల్దమ్మ మాత్రము బురదలో పడి ఉన్న తాటాకు ఒకటి ఏరి, విదిలించి, అతని చేతిలో పెట్టెను. "రెండేళ్ళకి నోరు పెగిలింది నీకు. ఊఁ, అడుగుతూనే వెయ్యి."

గట్టు పొడుగునా చెట్ల నుండి తెగిపడిన ఆకు ఉండెను. ఒబేదు ఏరుకొచ్చి, గుంజలు పాతి, నేయసాగెను. ఏళ్ళ తరబడి సిమెంటు పట్టిన వేళ్ళు ఆకు తగలగానే దారి పట్టెను. మధ్యాహ్నమునకు పాక నిలిచెను. నడిమిన ఒక కంత మిగిలెను, చేతిలో ఒక్క ఆకు మిగిలెను. అలవాటు చొప్పున చేయి పైకి పోయెను. కంతలోంచి ఆకాశము కనబడుచుండెను. ఒబేదు ఒక్క నిమిషము ఆగి, ఆ ఆకును కిందికి దించి, హుల్దమ్మ కూర్చోవడానికి నేల మీద పరిచెను.

తరువాత ఇద్దరూ లోన కూర్చుని, పక్క ఊరికి వినబడేటట్లు పాడిరి.

ఉన్ననాడూ ఇక్కడే, లేనినాడూ ఇక్కడే,
పాక దిగము, నిన్ను విడువము.

గట్టు పొడుగునా ఒక్క కప్పు మిగలని చోట పాక ఒకటి నిలిచి ఉండుట, అందులోంచి పాట వచ్చుట దారిన పోయేవారు చూసి, ఊళ్ళో చెప్పిరి. సందెవేళకు పేరయ్య షావుకారు బురద కాళ్ళతో వచ్చి బయట నిలబడెను. కూలిన స్లాబు చోట అతడు రేకులు వేయించుకొని ఉండెను. ఆ రేకులన్నీ ఎగిరిపోయెను. లోన ఒడ్ల బస్తాలు, పైన మళ్ళీ మబ్బు. స్లాబు వేయించే వ్యవధి లేదు, రేకులు దొరకవు, ఆకు నేసేవాడు చుట్టుపక్కల ఎవడూ మిగలలేదు.

"ఒబేదూ, నిన్ను అడగడానికి నాకు మొహం లేదు."

"మొహం తర్వాత చూద్దాం, ఆకెంత ఉందో చెప్పండి."

"మా తాటి తోపులో పడిన ఆకంతా నీదే. వస్తావా?"

పాట విని వచ్చి పక్కన కూర్చున్న బెరక్యా తాత వైపు ఒబేదు చూసెను. పండుగ దినములలో పరాయి పని చేయవచ్చునా అని అడిగెను. కప్పు లేనివాడికి కప్పు వేయడం పని కాదురా, అదే పండగ అని తాత చెప్పెను.

"మీ గోదాము నా చేత్తో కూలింది షావుకారు గారూ. నా చేత్తోనే కప్పుతా. ఒక్కటే మాట. పొద్దుగూకేసరికి నేను నా పాకలో ఉండాలి. మీ మీద పిడుగు పడుతున్నా ఆగను."

తెల్లవారగానే మొదలుపెట్టి ఒబేదు పండుగ ముగిసేలోగా గోదాము కప్పెను. మరునాటి వానకు ఒక్క బస్తా తడవలేదు. అది చూసి ఈ ఊరివారు, ఆ ఊరివారు గట్టుకు వచ్చి వరుస కట్టిరి. పేటలోని పడుచువాళ్ళకు నేత నేర్పి ఊరూరా కప్పులు వేయించెను. కూలిన మేస్త్రీ అన్న పేరు ఎవరికీ జ్ఞాపకము లేకపోయెను. ఉగాది నాటికి పేరయ్య షావుకారు తానుగా వచ్చి, నష్టము తీరినదని చెప్పి, ఇంటి తాళాలు ఒబేదు చేతిలో పెట్టెను.

కథ ఇక్కడ ఆగితే అది సగము కథ. పడినవాడు మొక్కుట వింత కాదు. లేచినవాడు ఏమి చేసెనో వినండి.

నాలుగవ ఏటి పండుగకు ఒబేదు స్లాబు ఇంటిలో ఉండెను. పండుగ ముందునాడు ఆకు మోపు భుజాన వేసుకొని, నలుగురూ చూచుచుండగా మేడ మీదికెక్కి, ఆ స్లాబు పైన, ఆకాశము కింద పాక వేసెను. వీధిలో వారు నవ్విరి. "ఏం మేస్త్రీ, స్లాబు మీద పాకేంది, చలవకా?" అని కేకలు వేసిరి. "రండి, ఎక్కి చూడండి, ఉట్టినే!" అని ఒబేదు పైనుండి బదులు కేక వేసెను.

మొదటినాటి సందెవేళ పేరయ్య షావుకారు ఒబేదుకు సన్మానము చేయవలెనని ఊరి నడుమ కుర్చీలు వేయించి, కారు పంపెను. ఏడు దినములు నేను పాక దిగను, శాలువా కప్పాలనుకుంటే ఇక్కడికే రమ్మనండి అని ఒబేదు కబురంపెను. అంత షావుకారూ మేడ మెట్లెక్కి, నడుము వంచి పాకలోకి దూరి, నేల మీద కూర్చుండెను. శాలువా విప్పబోవుచుండగా చిరుజల్లు పడి, కప్పులోంచి నీళ్ళు సరిగ్గా అతని ఇస్త్రీ పంచె మీద పడెను.

"ఇదేంది ఒబేదూ! నా గోదాములో ఒక్క బొట్టు పడనియ్యలేదు, నీ నెత్తి మీద ఇంత కంత వదిలేశావే. పని మర్చిపోయావా?"

హుల్దమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వెను. ఒబేదు కంతలోంచి పైకి చూసెను. జల్లు వెలిసి, ఒక నక్షత్రము వచ్చి ఉండెను.

"పని తెలియక వదిలింది కాదు షావుకారు గారూ. తెలిసే వదిలింది."

అని చెప్పి, ఆ శాలువాను తడిసిన షావుకారు భుజాల మీదనే కప్పి, పాట ఎత్తుకొనెను.

ఇట్లు శాదోకు గురువు చెప్పగా నెరీయా గురువు విని, ఆ సాయంకాలమే గుంజలు పాతెను.

ఈ వ్రతమును కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు తప్పక చేయవలెను. ఇల్లు పోయినవారు అంతకంటే ముందు చేయవలెను. పని పోయినవారు, పేరు పోయినవారు, పరీక్ష తప్పినవారు, పైవాని మీద కోపము వచ్చి మాట్లాడుట మానినవారు వచ్చి కూర్చుని ఆ కోపమంతా ఇక్కడ చెప్పుకోవచ్చును. సన్మానాలు జరుగుచున్నవారు రెండు కంతలు వదులుకొనవలెను. ఆకు దొరకని పట్నమువారు అపార్టుమెంటు మేడ మీద ఉన్నంతలో చేసుకొనవచ్చును, అసోసియేషనువారితో దెబ్బలాడైనా సరే. భార్య చేయగా భర్త వీపు తిప్పి కూర్చున్నా, ఫలములో అతనికీ పాలు కలదు. తరువాత తిరిగి కూర్చుంటే చాలు.

దీని ఫలము వినండి. తుఫాను రాదని చెప్పను, అబద్ధమవుతుంది. తుఫాను వచ్చినా పాట మరువరు. కలిమి వచ్చినా నడుము వంచుట మరువరు. చేతి విద్య చేతినే ఉండును. పడిన చోటనే గుంజ పాతు ధైర్యము కలుగును. ఇంట్లో ఒకరు జారినపుడు ఇంకొకరు ఆకు అందింతురు.

ఇప్పుడు అందరూ చేతిలోని ఈత మట్ట పైకెత్తి, తలెత్తి, ఆ కంతలోంచి చూడండి. కనబడినదా? కనబడకపోయినా సరే, మబ్బు ఆయనదే, ఓపిక మనది. గొంతెత్తి, వీధికి వినబడేటట్లు అనండి: పాక దిగము, నిన్ను విడువము.