వెనక దరువు

కియోమి దరువు నిలవడం లేదు.

పదకొండేళ్లుగా ఆ చేతులు తప్పింది లేదు. వాళ్లది ఉత్తర జపానులో ఒక చిన్న చేపల రేవు. కమ్యూనిటీ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఊళ్లోవాళ్లు పద్నాలుగు మంది చేరి తైకో డోళ్లు వాయిస్తారు. అందులో పెద్ద డోలు మనిషెత్తు ఉంటుంది, రెండు వైపులా తోలే. ముందువైపు వాయించేవాడు ఇష్టమొచ్చినట్టు చెలరేగిపోతాడు. వెనకవైపు మనిషి జనానికి కనబడకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకటే దరువు వేస్తూ ఉండాలి. ఆ వెనకవైపు కియోమిది.

ఏప్రిల్ నుంచి ఆ దరువు ఒకసారి పరుగెత్తుతోంది, ఒకసారి కుంటుతోంది.

"ఏమ్మా కియోమీ, ఎక్కడికా పరుగు? నేను బస్సు నడపడం మానేసి ఆరేళ్లయింది. తప్పిపోయే బస్సేం లేదు," అన్నాడు ముందువైపు వాయించే ఇవాకిచి.

అందరూ నవ్వారు. కొత్తగా చేరిన పిల్లలకు డోళ్లు చాలక పాత లారీ టైర్ల మీద నేర్పిస్తారు. ఆ టైర్ల దగ్గర పిల్లలు కూడా నవ్వారు. కియోమి నవ్వబోయింది, నవ్వు రాలేదు.

రేవు పండగ ఇంకా తొమ్మిది రోజులుంది.

అందరూ వెళ్లాక ఆమె డోలు కర్రలు రెండూ గుడ్డలో చుట్టి గురువు సవానో ముందు పెట్టింది. సవానోకి డెబ్బై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. ఎవరినీ మెచ్చుకోదు, ఎవరినీ తిట్టదు.

"ఇంకెవరికైనా ఇవ్వండి గురువుగారూ. నావల్ల కాదు."

"చేతులు నొప్పా?"

"కాదు."

కియోమి జరిగింది చెప్పింది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆమె కూతురు చిహారుని వంతెన మీదినుంచి ఒక పోలీసాయన ఇంటికి తీసుకొచ్చాడు. పదిహేడేళ్ల పిల్ల. సమయానికి చూశాడు. వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్లివస్తున్నారు. మిగతా రోజుల్లో ఆ గది తలుపు వేసే ఉంటుంది. కియోమి గంటకోసారి తలుపు దగ్గరికి వెళుతుంది. తిన్నావా? నిద్రపట్టిందా? ఏదో ఒకటి అనమ్మా. లోపల అలికిడి లేకపోతే తలుపుకి చెవి ఆనిస్తుంది.

"నిన్న, 'అమ్మా, నాకు కాపలా కాస్తున్నావా' అంది. ఈ వారంలో అది నాతో అన్న మాట అదొక్కటే."

సవానో గుడ్డ విప్పి కర్రలు ఆమె చేతికే ఇచ్చింది.

"వెనక్కి వెళ్లు. ముందువైపు నేను వాయిస్తా."

కియోమి దరువు అందుకుంది. దోన్, దోన్, దోన్. అవతల గురువు దెబ్బలు చినుకుల్లా మొదలై వడగళ్లయ్యాయి. కియోమి దరువు వాటి వెంటపడింది. ఉన్నట్టుండి అవతల ఆగిపోయింది. కియోమి కూడా ఆపేసి, డోలు పక్కనుంచి తొంగిచూసింది.

"గురువుగారూ! ఏమైంది?"

"నాకేమైంది? నువ్వెందుకు ఆపావు?"

"మీరు ఆపారని..."

"మళ్లీ."

మళ్లీ అదే. మళ్లీ తొంగిచూసింది.

"నీకు మెడ పొడుగవుతోంది," అంది సవానో. "మళ్లీ."

మూడోసారి అవతల ఆగినప్పుడు కియోమి పళ్లు బిగించి వాయిస్తూనే ఉంది. అటునుంచి చప్పుడు లేదు. పెద్దావిడ. పడిపోయిందేమో. మెడ తిరగబోయింది, తిప్పలేదు. దోన్, దోన్. వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న చప్పుడు. తలుపు జరిగిన చప్పుడు. తనని వదిలేసి వెళ్లిపోయింది!

కన్నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. భుజాలు లాగాయి, తర్వాత ఆ నొప్పీ తెలియలేదు. ఎంతసేపయిందో ఏమో. దరువొక్కటే మిగిలింది. అది ఇప్పుడు పరుగెత్తడం లేదు.

అవతలినుంచి ఒక్క దెబ్బ పడింది. సరిగ్గా దరువు మీద. రెండు తోళ్లూ ఒక్కసారే మోగాయి. కాళ్ల కింద నేల అదిరింది.

కియోమి కర్రలు దించి ముందువైపుకి వచ్చింది. సవానో మడమలకి తడి ఇసక అంటుకుని ఉంది.

"ఎక్కడికెళ్లారు?"

"సముద్రం దాకా."

"అంత దూరమా! మరి వస్తూనే దరువు మీదే ఎలా కొట్టారు?"

"దారంతా వినబడుతూనే ఉందిగా," అంది సవానో, కాళ్లు కడుక్కోవడానికి వెళుతూ.

కియోమి కర్రలు గుడ్డలో చుట్టుకుని తనతోనే తీసుకెళ్లింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. చిహారు గది తలుపు వేసే ఉంది. కియోమి చెయ్యి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ముల్లంగి తరగడం మొదలుపెట్టింది. చెక్క మీద కత్తి చప్పుడు, నెమ్మదిగా, ఒకే తీరున.

సగం ముల్లంగి అయ్యాక తన వెనక చిహారు గది తలుపు జరిగింది.

కియోమి తొంగిచూడలేదు. కత్తి ఆపలేదు.