చిన్నాంగుడి చలివేంద్రం

అనగనగా కదళీపురమని ఒక రాజ్యం, దాన్ని ఏలే కదంబసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పుట్టినప్పుడు నెల రోజులు పండుగ చేసి వీరాంగుడని పేరు పెట్టాడు. రెండోవాడికి వారం రోజులు పండుగ చేసి ధీరాంగుడన్నాడు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి రాజుగారికి ఓపిక అయిపోయింది. చిన్నాంగుడని పెట్టి ఊరుకున్నాడు. నవ్వకండర్రా, మీ పేర్లు మాత్రం ఎవరు అంత ఆలోచించి పెట్టారు?

ముగ్గురినీ కొండకనుమలో ఉండే తపసి అవ్వ ఆశ్రమానికి చదువుకు పంపాడు. పన్నెండేళ్ళు ఉన్నారక్కడ. వీరాంగుడు స్తోత్రాలన్నీ నేర్చాడు. నోరు తెరిచాడంటే గలగలా గంటసేపు ఆగేవాడు కాదు. ధీరాంగుడు వంటశాలలో చేరి వెయ్యిమందికి ఒక్క చేత్తో వండి వడ్డించడం నేర్చాడు. చిన్నాంగుడికి మాత్రం అవ్వ ఒక ముంత చేతికిచ్చి, కనుమ దారిలో ఉన్న చలివేంద్రంలో కూర్చోబెట్టింది.

"ఎండన పడి వచ్చినవాళ్ళకి నీళ్ళు పొయ్యి నాయనా. దోసిలి చూడు, మొహం చూడకు. మొహం చూశావా, వీడు మనవాడు, వీడు పరాయివాడు, వీడు దొంగ, వీడు దొర అని నీ బుర్ర మొదలెడుతుంది. దోసిలికి అవేమీ ఉండవు. ఇంకోటి, పోశాక ఏమీ అడక్కు. ఎవరివని కూడా అడక్కు."

అంతే చదువు. పన్నెండేళ్ళు వాడు దోసిళ్ళు చూస్తూ నీళ్ళు పోశాడు.

చదువులయ్యాయి. గురుదక్షిణ ఏమిమ్మంటావని ముగ్గురూ అవ్వ కాళ్ళకు దండం పెట్టారు. అవ్వ ఇలా అంది. "ఏడు సముద్రాల అవతల నీలాలపట్నమని ఒక ఊరుంది. అక్కడ గుడి లేదు, దీపం లేదు, దేవుడన్న మాటే లేదు. లేకపోతే లేకపోయింది, దానికి నాకు బెంగ లేదు. కానీ అక్కడ ఒకరి చేతి నుంచి ఒకరు ఏదీ పుచ్చుకోరు, ఒకరికొకరు ఏదీ ఇచ్చుకోరు. నా దగ్గర మీరు నేర్చుకున్నది ఆ ఊరితో పంచుకోండి. అదే నా దక్షిణ."

ఆ ఊరికి అంత కష్టం ఎందుకొచ్చిందో చెబుతాను, చెవులు ఇటు పెట్టండి. మూడు వందల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద కరువొచ్చింది. కంటకుడనే మాంత్రికుడు వచ్చి ఇంటింటికీ ఒక మాయపండు ఇచ్చాడు. ఆకలి మీద ఉన్నారు పాపం, తిన్నారు. తిన్నాక వాడు, "నా చేతి పండు తిన్నారు. ఇక మీ పిల్లలూ వాళ్ళ పిల్లలూ నా మాట వినాల్సిందే" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఊరివాళ్ళకి ఎదుటి మనిషి చెయ్యి చాపితేనే భయం. పైగా వాడు ఊరి చుట్టూ ఒక మంత్రం కట్టాడు. ఆ ఊళ్ళో తను తప్ప ఇంకెవరైనా ఒక చేత్తో ఇచ్చి, దానికి బదులుగా ఏమైనా అడిగితే, ఆ అడిగినవాడు రాయైపోతాడు. మంత్రానికి కళ్ళుండవుగా, మంచివాడా చెడ్డవాడా అని చూడదు. మాట నోరు దాటితే చాలు.

ముందు వీరాంగుడు బయల్దేరాడు. ఓడ దిగీ దిగగానే నడివీధిలో నిలబడి, "మీకు జ్ఞానం తెచ్చాను, నా వెంట స్తోత్రం చెప్పండి" అన్నాడు. అన్నవాడు అన్నట్టే రాయైపోయాడు.

అన్న తిరిగి రాలేదని ధీరాంగుడు వెళ్ళాడు. వీడు కాస్త తెలివైనవాడు, ఉపన్యాసం జోలికి పోలేదు. గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపాడు, పప్పుకి తాలింపు పెట్టాడు. వాసనకి జనం ఆగలేక అరుగులు దిగి దగ్గరికి వచ్చారు. సరిగ్గా విస్తళ్ళు వేశాక, "తినబోయే ముందు అందరూ ఒక్కసారి దేవుడి పేరు తలుచుకోండి బాబూ" అన్నాడు. మంచి మాటే, కాదనను. కానీ జనానికి కంటకుడి పండు గుర్తొచ్చింది. విస్తళ్ళు వదిలేసి పారిపోయారు. ధీరాంగుడు గరిటె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే రాయైపోయాడు.

ఓడవాళ్ళు ఈ వార్త తెచ్చారు. ఇంకో మాట కూడా తెచ్చారు. ఇక్కణ్ణించి మూడో పున్నమి చంద్రుడు పొడిచేసరికి ఆ రాళ్ళు ఇసుకై రాలిపోతాయట. రాజుగారు కుప్పకూలిపోయాడు. చిన్నప్పుడు చిన్నాంగుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన అన్నలు వాళ్ళు. ముంత ఒక చేత్తో, కుండ ఒక చేత్తో పట్టుకుని సముద్రం ఒడ్డుకు పరిగెత్తాడు.

మండువేసవి. ఒడ్డున ఒక తాబేలు, ఒక పిచ్చుక, ఒక ముంగిస దాహంతో నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. ఎదురుగా అంత సముద్రముండి ఏం లాభం, ఉప్పునీళ్ళాయె. చిన్నాంగుడు తాబేలుకు పోశాడు, పిచ్చుకకు పోశాడు, ముంగిసకు పోశాడు. "మాకు పోశావు, ఏం కావాలో అడుగు" అన్నాయవి.

"అడగడం నాకు అలవాటు లేదు" అన్నాడు చిన్నాంగుడు.

"అయితే మేమే వస్తాం" అన్నాయి. తాబేలు వీపు మీద ముగ్గురూ ఎక్కి ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. ఏడూ చెప్పమంటారా? తెల్లారిపోతుంది. ఏడూ దాటారు. దాటేసరికి రెండు పున్నములు గడిచిపోయాయి.

చిన్నాంగుడు నేరుగా అన్నల దగ్గరికి వెళ్ళాడు. రాళ్ళను కావలించుకుని కరువుతీరా ఏడ్చాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, అక్కడే నాలుగు కర్రలు పాతి, పైన తాటాకు వేసి, కుండలో నీళ్ళు నింపి కూర్చున్నాడు. ఎవర్నీ పిలవలేదు.

ఏడు రోజులు ఈగ కూడా వాలలేదు. ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం చెంగల్వ అనే కుమ్మరి పిల్ల, నెత్తిన మట్టితట్టతో అటు వచ్చింది. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. పందిరికి పది అడుగుల దూరంలో నిలబడి అడిగింది.

"ఏమయ్యా, తాగితే నేనేం చెయ్యాలి?"

"మింగాలి."

"ఏ దేవుడి పేరు చెప్పాలి?"

"నోట్లో నీళ్ళుండగా పేర్లు చెబితే పొలమారుతుంది."

"నీకు దేవుడున్నాడా?"

"ఉన్నాడు."

"నాకు లేడు."

"నీళ్ళు ఇద్దరికీ ఉన్నాయిలే" అన్నాడు చిన్నాంగుడు.

చెంగల్వ భయం భయంగా దోసిలి పట్టింది. వాడు పోశాడు, ఆమె తాగింది. మూడడుగులు వేసి ఆగింది. ఏదో జరుగుతుందని చూసింది. ఏమీ జరగలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ తాగింది. మర్నాడు పొద్దున్నే రెండు కొత్త కుండలు తెచ్చి పందిరి కింద పెట్టి పోయింది. ఆ ఊరివాళ్ళలో ఒకరు ఇంకొకరికి ఊరికే ఏదైనా ఇవ్వడం మూడు వందల ఏళ్ళలో అదే మొదలు.

ఆ తరవాత ఒక గాడిదల కాపరి వచ్చాడు. ఒక బాలింత వచ్చింది. పదిమంది వచ్చారు, వందమంది వచ్చారు. చిన్నాంగుడు దోసిళ్ళు చూశాడు, పోశాడు, ఏమీ అడగలేదు. అడగనివాణ్ణి మంత్రం ఏం చేస్తుంది? ఎవరో పందిరికి ఇంకో తాటాకు కప్పారు. ఎవరో కుండ కింద ఇసుక పోసి తడిపారు. చెంగల్వ అయితే ఎండ పొద్దంతా అక్కడే, వాడికి చేతులు నొప్పెడితే ముంత తను అందుకునేది. అలా పొయ్యడం వాడు నేర్పలేదు, చూసి నేర్చుకుంది. ఇలాంటివాణ్ణి మెచ్చుకోకుండా ఎలా ఉంటాం చెప్పండి, నాకైతే చెబుతుంటేనే కడుపు నిండిపోతోంది.

మూడో పున్నమి రానే వచ్చింది. సాయంత్రం చంద్రుడు పొడిచేసరికి రాళ్ళు రాలిపోతాయి. అప్పుడే ఒక వేలు కొస ఇసుకై జారింది కూడా. ఆ పొద్దున పిచ్చుక ఎగిరొచ్చింది.

"తెలిసింది! కంటకుడి ప్రాణం వాడి కోట మీద ఇనుప పంజరంలో ఉన్న చిలకలో ఉంది" అంది. అనడమే ఆలస్యం, ముంగిస వెళ్ళి పంజరం తలుపు లాగేసి చిలకను నోట కరుచుకుని తెచ్చి చిన్నాంగుడి చేతిలో పెట్టింది. "ఊఁ, మెడ విరిచెయ్యి. నీ అన్నలు లేచొస్తారు."

చిన్నాంగుడు చిలకను చూశాడు. ఎండలో ఉండి ఉండి నాలుక బయటపెట్టి రొప్పుతోంది. కళ్ళముందు అన్నలు, చేతిలో చిలక. ముంత తీసి దాని ముక్కులో నీళ్ళు పోశాడు.

"పిచ్చివాడా" అన్నాయి పిచ్చుకా, ముంగిసా ఒక్క గొంతుతో.

"నా పందిరి కింద నోరు తెరిచిన ప్రాణాన్ని చంపలేను" అన్నాడు వాడు ఏడుస్తూ. "చంపితే ఈ నీళ్ళూ ఆ కంటకుడి పండూ ఒకటే అవుతాయి. రేపు ఈ ఊళ్ళో ఎవరైనా ఎవరి చేతినైనా నమ్ముతారా?"

చెంగల్వ పక్కనే ఉండి ఆ మాట విన్నది. చిలక కడుపునిండా తాగి ఎగిరిపోయింది.

ఇక్కడ చిలక తాగిందా, అక్కడ కోటలో కంటకుడి గొంతు చల్లబడింది. ప్రాణం చిలకలో ఉంటే దాహం కూడా దానిలోనే ఉంటుందిగా. తీసుకుంటే ఎక్కడ లోకువైపోతానో అని వాడు మూడు వందల ఏళ్ళుగా ఎవరి చేతి నుంచీ చుక్క నీళ్ళు పుచ్చుకోలేదు. ఒక్కసారి చల్లదనం తగిలేసరికి పాత దాహమంతా ఎగదన్నింది. కోటలో ఉండలేకపోయాడు. మధ్యాహ్నానికి వీధిలోకి వచ్చాడు. జనం తలుపులు వేసుకున్నారు. వాడు తిన్నగా పందిరి కిందికొచ్చి మోకాళ్ళ మీద కూలబడి దోసిలి పట్టాడు.

చిన్నాంగుడు ముంత ఎత్తాడు. దోసిలి ఎంతో పెద్దది, గోళ్ళు నల్లగా ఉన్నాయి. ఎవరిదా అని తల ఎత్తాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి మొహం చూశాడు. ముంత అక్కడే ఆగిపోయింది.

"పోస్తాను" అన్నాడు. "పోస్తాను గానీ, ముందు మా అన్నలను..."

మాట పూర్తవ్వలేదు. పాదాలు రాయయ్యాయి. పిక్కలు రాయయ్యాయి. నడుము దాకా చల్లగా ఎక్కింది. అయ్యో, అన్నీ తెలిసినవాడు, చివరికి వాడూ అడిగేశాడు. తప్పంటారా? అన్నల మీద ప్రేమ, ఏం చేస్తాడు.

చెంగల్వ ఒక్క ఉదుటున వచ్చి వాడి చేతిలో ముంత లాక్కుంది. ఆ కంటకుడి మూలంగా వాళ్ళ తాత, ముత్తాత బానిసలై చచ్చారు. ఆమె వాడి మొహం చూడలేదు. దోసిలి చూసింది, పోసింది. వాడు తాగాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాడు. మూడోసారి పోసింది. ఏమీ అడగలేదు.

కంటకుడి మంత్రమంతా నిలబడింది ఒక్కదాని మీదే. ఆ ఊళ్ళో ఇచ్చేవాడు తను, పుచ్చుకునేవాళ్ళు మిగతా అందరూ. ఇప్పుడు తనూ పుచ్చుకున్నాడు, అదీ తన బానిస చేతి నుంచి. మూడో దోసిలి దిగేసరికి మంత్రం ఊడిపోయింది. చిన్నాంగుడి కాళ్ళు కదిలాయి. వీరాంగుడు మొదలెట్టబోయి ఆగిన స్తోత్రం అందుకున్నాడు. ధీరాంగుడు గరిటె కిందపెట్టి, పులిహోర చల్లారిపోయిందా అని అడిగాడు. ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని వలవలా ఏడ్చారు.

తలుపులు తెరుచుకున్నాయి. జనం కర్రలు పట్టుకుని కంటకుడి మీదికి వచ్చారు. వాడిప్పుడు వట్టి ముసలివాడు.

"ఆగండి. ఇంకా తాగుతున్నాడు" అంది చెంగల్వ. కర్రలు దిగాయి.

ముసలివాడు తాగి తాగి, మూతి తుడుచుకుని, తిరిగొచ్చి వాలిన చిలకను భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు. ఎటు పోయాడో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను.

అన్నదమ్ములు ముగ్గురూ తాబేలెక్కి తిరిగొచ్చారు. కదళీపురమంతా పండుగే పండుగ. ఈసారి రాజుగారు చిన్నాంగుడి కోసం మూడు నెలలు చేశాడు. చిన్నాంగుడు మాత్రం తల వేలాడేసుకుని అవ్వ దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, నీ దక్షిణ నేను చెల్లించలేకపోయాను. అసలు పొయ్యాల్సిన చోట నా చెయ్యి ఆగిపోయింది. మొహం చూశాను, అడిగాను. పోసింది నేను కాదు, దేవుడే లేడనే ఒక కుమ్మరి పిల్ల."

అవ్వ వాణ్ణి దగ్గరకు తీసుకుంది. "ఒరే పిచ్చినాయనా, ఆ ముంత నువ్వే పోసి ఉంటే నా శిష్యుడు మంచివాడని నేను మురిసిపోయేదాన్ని. ఆ పిల్ల పోసింది. నా దక్షిణ ముట్టింది" అంది.

ఆ మాట విని చిన్నాంగుడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వెంటనే నీలాలపట్నం వెళ్ళి, కుమ్మరి ఇంటి గడపలో నిలబడి, చెంగల్వను పెళ్ళికి అడిగాడు. ఈసారి అడిగినా రాయి కాలేదులెండి. ఆమె చేతులకున్న మట్టి కడుక్కుని వచ్చి సరేనంది. ఏడు సముద్రాల ఇటూ అటూ పెళ్ళి జరిగింది. అన్నలే కోరగా చిన్నాంగుడు కదళీపురానికి రాజై అరవై ఏళ్ళు ఏలాడు. వాడు రోజూ పొద్దున దేవుడికి దండం పెట్టుకునేవాడు. ఆమె పెట్టుకునేది కాదు. ఆ తరవాత ఇద్దరూ కలిసి కనుమ దారిలోని చలివేంద్రం పందిరికి వెళ్ళేవారు.

కథ అయిపోయింది, నా గొంతూ ఎండిపోయింది. మీలో ఎవరు లేస్తారో లేవండర్రా, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టండి.