తిట్లు తిని ఎక్కాల్సిన కొండ

అనగనగా ఎప్పుడో. ఎప్పుడని నన్నడక్కండి, మా ముత్తాతకే తెలీదు. నల్లమలలో ఒక కొండ మొదట్లో ఓబులమ్మ అని ఒకామె బొరుగులు అమ్ముకుని బతికేది. కొండకు కొత్తగా వచ్చినోళ్లను ఊరికే పైకి పోనిచ్చేది కాదు.

"ఒరే, నీళ్లున్నాయా? తోడెవరు? ఇంట్లో చెప్పొచ్చినావా?"

ఒక్కటి లేదన్నా తిట్ల దండకం ఎత్తుకునేది. ఊరోళ్లు ఆమెను గయ్యాళి అన్నారు. అన్నోళ్ల నోట్లో మన్ను పడ! ఆమె మొగుడు ఎవరికీ చెప్పకుండా కొండెక్కి మళ్లీ రాలేదు. ఏ దిక్కున వెతకాలో ఒక్కరికీ తెలీలేదు. ఆ కడుపుమంట వీళ్లకేం తెలుసు?

ఒకరోజు మద్దిలేటి అనే పిల్లోడు వచ్చినాడు. ఒంటి మీద పెండ్లి పసుపు ఇంకా పోలేదు. కొండ మీద నీళ్లు దూకే చోటు చూడాలని వాడి సరదా.

"నీళ్లున్నాయా?"

"మావాళ్ల దగ్గరున్నాయిలే అవ్వా."

"తోడెవరు?"

"ముందు పోయినారులే."

"ఇంట్లో చెప్పొచ్చినావా?"

"ఆ, చెప్పినా."

మూడూ అబద్ధాలే! పెద్ద మొనగాడు మరి. అట్లా తిట్టు పడకుండా ఎక్కేసినాడు.

మధ్యాహ్నానికి కొండ మీదికి మబ్బు దిగింది. అందరూ దిగొచ్చినారు, వాడు తప్ప. వాడేడని అడిగితే "మాతో ఎవరూ రాలేదే" అన్నారు. ఓబులమ్మ ఊళ్లోకి పరుగెత్తింది. పెద్దరెడ్డిని పిలిచింది. "రేపు చూద్దాంలే" అన్నాడు. కరణాన్ని పిలిచింది. "రేపు చూద్దాంలే" అన్నాడు. తలారిని పిలిచింది. వాడూ అదే మాట. ఛీ, అవీ బతుకులేనా!

ముసలామె ఒక్కతే ఎక్కింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ఆమె దగ్గరున్నది నోరొక్కటే.

"ఒరే దొంగ సచ్చినోడా!" పలుకు లేదు.

"ఒరే అబద్ధాలకోరా!" పలుకు లేదు.

"ఒరే, నీ పెండ్లాం ఎవరి మొహం చూసి బతకాలరా!"

"అవ్వా!" అని ఏడుపు వినపడింది. లోయ అంచున చెట్టు పట్టుకుని ఉన్నాడు వాడు. తిట్టు వచ్చిన దిక్కుకు పాకుతూ వచ్చినాడు. కిందికి దిగేదాకా ఆమె నోరు ఆపలేదు. ఆపితే వాడు మళ్లీ దారి తప్పుతాడు. పైన కుండపోత వాన. ఆమె ఇంటికొచ్చి మంచాన పడింది, మళ్లీ లేవలేదు. పోతా పోతా కూడా తిట్టింది: "ఇంకా ఈడే ఉన్నావేందిరా, ఇంటికి పో!"

ఆమెను మట్టిలో పెట్టినాక మద్దిలేటి నేరుగా పెద్దరెడ్డి వాకిట్లో నిలబడి, ఊరంతా వినేటట్టు తిట్టినాడు. కరణాన్ని తిట్టినాడు. తలారిని తిట్టినాడు. తర్వాత పోయి కొండ మొదట్లో ఆమె చోట కూర్చుని, కొత్తోళ్లను అవే మూడు మాటలు అడగబట్టినాడు.

ఇప్పటికీ మా పక్క ఎవరన్నా మొదటిసారి కొండకు పోతుంటే, ఇంట్లో పెద్దామె నోరారా తిట్టి, ఆనక సద్ది కడుతుంది. కొత్తల్లుడైనా తలొంచుకుని వినాల్సిందే. ఇంట్లో తిట్టే దిక్కు లేనోళ్లు, దారిలో కనపడిన ఏ ముసలామెనో ఆపి, "అవ్వా, కొండకు కొత్త. నన్ను తిట్టవా?" అని అడుగుతారు.