నగరు ఎక్కడుంది?

కొండల దిగువన, తొలకరి అందరికంటే ముందుగా పలకరించే చోట, ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణకేసరి మహారాజుకు తన మాటంటే తనకే మహా ముచ్చట. నోటి నుంచి మాట ఊడిపడితే చాలు, అది తాటాకుల మీదికి ఎక్కాల్సిందే. ఎక్కించేవాడు కొమ్మన. రాజాజ్ఞలు రాసే ఉద్యోగం కనుక అందరూ అతణ్ణి రాయసం కొమ్మన అనేవారు.

ఒక ఏడు రాజు రాజ్యం చూడబోయి ఒక వాగు ఒడ్డున విడిది చేశాడు. పట్టు డేరా, వెండి తొడుగుల గుంజలు, ఏనుగులు, బాకాలు, ఒకటే హడావిడి. ఆ వాగుకే ఎగువన ఉప్పు మోసే ఎడ్ల బిడారు ఒకటి దిగి ఉంది. పది గొంగళి డేరాలు, అంతే. వాళ్ళ కుక్కలు తెల్లవారుతూనే మొరిగి రాజుగారి నిద్ర చెడగొట్టాయి.

రాజు మండిపడ్డాడు.

"ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరులు నా పక్కన కాపురమా? మధ్యాహ్నంలోగా కొండ దాటాలి. రాయి కొమ్మనా! డేరాలో ఉండేవాడికి ఇల్లు లేనట్టే. ఇల్లు లేనివాడికి నా నేల మీద చోటు లేదు."

సంగతి తెలిసి బిడారు పెద్ద భీక్యా పరుగున వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"దొరా, నా కోడలు నొప్పులు పడుతోంది. పోయినసారి దారిలోనే కాన్పయి బిడ్డ దక్కలేదు. ఈ వానల్లో ఎద్దు మీద ఎక్కిస్తే ఈసారి తల్లి కూడా దక్కదు. రెండు రోజులు ఓపిక పట్టండి."

"నా మాట రెండు రోజులు ఆగదు," అన్నాడు రాజు.

కొమ్మన అక్క పురిట్లోనే పోయింది. కానీ ఎదురు చెబితే రాజు మరింత బిగుసుకుంటాడని అతనికి తెలుసు. నోరెత్తకుండా తాటాకు తీసి, గంటం పట్టి, అలాగే ఆగిపోయాడు.

"ఏమయింది?"

"మొదటి మాట దగ్గరే చిక్కు వచ్చింది ప్రభూ. ఏ ఆజ్ఞయినా 'నగరు నుంచి' అని మొదలుపెట్టాలి. నగరంటే రాజుగారి ఇల్లు. ఆ మాట లేని ఆజ్ఞ చెల్లదని తమ తాతగారే శాసించారు."

"అయితే రాయి!"

"తమరున్నది డేరాలో. డేరా ఇల్లు కాదని ఇప్పుడే సెలవిచ్చారు. నగరు నుంచి అని రాస్తే అబద్ధం, రాయకపోతే ఆజ్ఞ చెల్లదు. ఏం చెయ్యమంటారు?"

"నేనెక్కడుంటే అదే నగరు! డేరా అయితేనేం?" అని గర్జించాడు రాజు.

"చిత్తం. అయితే డేరా కూడా ఇల్లే." కొమ్మన గంటం తాటాకు మీద ఆనించాడు. "అలాగే రాస్తాను. కానీ ఇల్లున్నవాళ్ళను వెళ్ళగొట్టమని తమరు చెప్పలేదు ప్రభూ!"

పక్కనున్న సేనాపతి తల వంచుకున్నాడు. రాజు కొమ్మన వంక కళ్ళెర్రజేసి చూసి, చూసి, చివరికి పకపకా నవ్వాడు.

"దొంగా! నా మాటతోనే నా నోరు కట్టేశావు. వాళ్ళను ఉండనీ. నీకేం కావాలో కోరుకో."

"ఏనుగుల ఘీంకారాలకూ బాకాలకూ భీక్యా కోడలు బెదిరిపోతుంది. ఈ రెండిళ్ళలో ఒకటి కాస్త దూరం జరగాలి. ఆమె కదల్లేదు ప్రభూ."

ఈసారి రాజు నవ్వలేదు. కాసేపు వాగు ఎగువకు చూసి, తాళ్ళు విప్పమని సైగ చేశాడు. పట్టు డేరా నేలకు ఒరుగుతుండగానే చినుకులు మొదలయ్యాయి. గొడుగు పట్టబోయిన సేవకుణ్ణి పక్కకు తప్పుకోమని, రాజు తడుస్తూ నిలబడ్డాడు.

"మీ డేరా కారుతుందా?" అని భీక్యాను అడిగాడు.

"కారుతుంది దొరా."

"మా డేరా పైన మైనం పట్టించిన గుడ్డ ఉంది. తీసుకెళ్ళి ఆమె డేరా మీద కప్పు. నాకు ఈ పూటకు ఆకాశం చాల్లే."