మోటారు పాడిన కాంభోజి

తుమ్మలగడ్డ జమీందారు జగ్గరాజు బహద్దరు గారికి ఒకరోజు కొలువులో ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది.

"మన మోటారు బయల్దేరినప్పుడల్లా ముందు మూత కింద నుంచి కీచుమని కేక వస్తోంది. కుక్కలు కూడా తోక ముడిచి పారిపోతున్నాయి. ఏమిటయ్యా అది?"

రాజుగారికి తాంబూలం అందించే కూర్మన్నకి అదేమిటో తెలుసు. బండి తోలే సింహాద్రి అతని చెల్లెలి మొగుడే. ఇంజను ముందున్న ఫ్యానుని తిప్పే రబ్బరు బెల్టు అరిగి జారుతోందని, ఆ జారుడికే అరుస్తోందని నిన్ననే చెప్పాడు. కూర్మన్న తాంబూలప్పళ్ళెం పక్కన పెట్టి నోరు తెరిచేలోగా ఆస్థాన విద్వాంసులు శంభులింగ భాగవతులు లేచి నిలబడ్డారు. భాగవతులవారికి లోకంలో తెలియని విషయం లేదు. తెలియదని చెప్పడం మాత్రం రాదు.

"కేకా? ఎంత మాట ప్రభూ! అది కాంభోజి రాగం. తమ పాదం సోకగానే మోటారు పరవశించి పాడుతోంది. ఆ పైస్థాయి అందుకోవడం నా వల్ల కూడా కాదు!"

రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయిపోయారు. పక్క జమీందారు బండికి వెండి హారనుందని ఆయనకి ఎప్పటినుంచో కడుపుమంట.

"వాడి బండి పాడుతుందా? పాడదు! నాది పాడుతుంది. ఇక నుంచి ఆ పాట ఆపినవాడి కొలువు ఊడినట్టే!"

ఆ మర్నాటి నుంచి చూడాలి ఆ సంబరం. సింహాద్రి ఇంజను తిప్పడం, బండి కీచుమనడం, దివానుగారు మడ్గార్డు మీద తాళం వెయ్యడం, భాగవతులవారు కళ్ళు మూసుకుని "శభాష్" అనడం! బెల్టు అరిగినకొద్దీ కేక పొడుగయింది. "నిన్నటికంటే ఇవాళ గమకం బాగుంది" అని రాజుగారు మురిసిపోయారు.

సింహాద్రికి మాత్రం ముద్ద దిగడం లేదు. ఓ సాయంత్రం కూర్మన్న ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"బావా, బెల్టు అంచులు పీచులైపోనాయి. ఎల్లుండి రాణీగారితో కొండెక్కాల. సగం దారిలో తెగిపోద్ది. ఫ్యాను ఆగిపోద్ది, నీళ్ళు మరిగిపోతాయి, బండి నిలబడిపోద్ది. తప్పు నా నెత్తిన పడిపోద్ది."

"కొత్తది ఎయ్యరాదేటి? షెడ్డులో ఉంది గదా?"

"ఏస్తే పాట ఆగిపోద్ది. పాటాగితే కొలువు పోద్ది. కొలువు పోతే నానూ, నీ చెల్లీ, మేకలూ, మాయమ్మా మీ ఇంటికే ఒచ్చెత్తాం."

చెల్లెలంటే కూర్మన్నకి ప్రాణం. మేకలతో కూడా పేచీ లేదు. కానీ సింహాద్రి తల్లి నోరు తలచుకునేసరికి రెండు చేతులతోనూ చెవులు మూసుకున్నాడు. ఆ నోటి ముందు మోటారు కేక జోలపాటే.

మర్నాడు కొలువు తీరగానే కూర్మన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, సంస్థానంలో పెద్ద అపచారం జరిగిపోతోంది. ఆస్థాన విద్వాంసుణ్ణి మించి పాడినవారికి శాలువా కప్పి, గండపెండేరం తొడిగి, పల్లకీలో ఊరేగించడం తమ తాతగారి నాటి మర్యాద. ఆ పల్లకీ ముందు బొంగు ఆస్థాన విద్వాంసులే మొయ్యాలి. మోటారు తనని మించి పాడిందని భాగవతులవారు నిండు సభలో ఒప్పుకున్నారు. మరి సన్మానమేదీ?"

"అయ్యయ్యో, నిజమే!" రాజుగారు చెంపలేసుకున్నారు. "కానీ మోటారు పల్లకీలో పడుతుందా?"

"మోటారెందుకు ప్రభూ? పాడే గొంతుకి చేస్తే చాలదూ! సింహాద్రీ, ఆ గొంతుక ఊడదీసి పట్టుకురా."

వెండి పళ్ళెంలో బెల్టు వచ్చింది. నల్లగా, జిడ్డుగా, పీచులు వేలాడుతూ వచ్చింది. రాజుగారు స్వయంగా శాలువా కప్పారు. దానికి కాలు లేదు గనక గండపెండేరం పక్కన పెట్టారు. సన్నాయి మోగింది. బెల్టు విద్వాంసుల వారిని పల్లకీలో మెత్తటి దిండు మీద కూర్చోబెట్టారు.

"భాగవతులవారూ, భుజం పట్టండి" అన్నారు రాజుగారు.

భాగవతులవారి మొహం కందగడ్డ అయింది. వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. శిష్యులందరూ ముందు వరసలోనే ఉన్నారు. మొయ్యకపోతే రాజుగారికి కోపం, మోస్తే రబ్బరుముక్కకి బోయీ అన్న పేరు. పళ్ళు కొరుక్కుంటూ బొంగు భుజాన పెట్టుకున్నారు. రెండడుగులు వేశారో లేదో, కూర్మన్న వినయంగా చెవి దగ్గర చేరాడు.

"ఊరేగింపు అయ్యాక బెల్టువారు తమరి ఆసనం మీదే కూర్చుంటారు. తమరు వెనక కూర్చుని తంబురా మీటాలి. అదీ మర్యాదే."

భాగవతులవారు బొంగు కింద పడేశారు.

"ఆసనమా? దీనికా? ప్రభూ, ఇది విద్వాంసుడేమిటి, అరిగిపోయిన బెల్టు! జారుతోంది గనక అరుస్తోంది! కొత్తది వేయించండి, నోరు మూసుకుంటుంది!"

సన్నాయి ఆగిపోయింది. రాజుగారు కనుబొమలు ముడిచారు.

"మరి కాంభోజి?"

కూర్మన్న దణ్ణం పెట్టాడు.

"భుజాన బొంగు పడితే గాని భాగవతులవారికి చెవులు వినిపించలేదు ప్రభూ!"

రాజుగారు ముందు మూతి బిగించారు, తరవాత మీసాలు అదిరాయి, ఆపైన పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వారు. రాజుగారు నవ్వాక ఊరు ఆగుతుందా?

"సింహాద్రీ, కొత్త బెల్టు వెయ్యి. పాట ఆపమన్నది భాగవతులవారు, నీ కొలువుకి ఢోకా లేదు. వారి కొలువూ ఉంచుతాను గానీ, సిద్ధం చేసిన పల్లకీ వట్టిగా తిరగడం అరిష్టం. కూర్మన్నా, ఎక్కు!"

శాలువా కూర్మన్న భుజాల మీద పడింది, గండపెండేరం కాలికి ఎక్కింది. ముందు బొంగు మళ్ళీ భాగవతులవారే పట్టారు.