టకటక మానేసిన కొండముచ్చు

గోరింటగుట్ట అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, ముంగిసలు, తాబేళ్లు ఉండేవి. అడవి నిండా మడుగులు. ఆ మడుగుల్లో మొసళ్లు. ఏ రోజు ఏ మడుగులో మొసలి ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదు.

అందుకని పాతకాలపు జంతువులు పిలుపుల పద్ధతి ఒకటి కనిపెట్టాయి. పిట్టలు పొద్దున్నే మడుగులు చూసి వచ్చేవి. కొండముచ్చు చెట్టెక్కి ఒక్కో మడుగు పేరు పిలిచేది. మొసలి ఉంటే గట్టిగా అరిచేది. లేకపోతే ఊరుకునేది. ఏ పిట్టా చూడని మడుగైతే కర్రతో కొమ్మ మీద టకటకా కొట్టేది. 'అక్కడ ఏముందో తెలియదు, దిగకండి' అని దాని అర్థం.

ఆ పద్ధతి ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా బాగుచేయవచ్చు.

చెంగు అనే కొండముచ్చు దాన్ని బాగుచేసింది. పొడవాటి పేర్లను పొట్టివి చేసింది. పిలుపులు త్వరగా ముగిశాయి. అందరూ మెచ్చుకున్నారు. దాంతో చెంగుకు గర్వం పెరిగింది. "ఈ టకటక కూడా దండగే" అని దాన్నీ తీసేసింది.

ఎగువ గుట్ట మీద ముసలి జంతువులు ఉండేవి. "కొత్త పేర్లు మాకు నోరు తిరగవు" అన్నాయవి. అక్కడ వడ్రంగి పిట్ట పాత పేర్లనే పిలిచేది. చెంగు దాని దగ్గరకూ వెళ్లి, "పేర్లు నీ ఇష్టం. ఆ టకటక మాత్రం మానెయ్" అంది. అది మానేసింది. వాగు అవతలి ముంగిసల చేతా అలాగే మాన్పించింది.

ఒకనాడు పొగమంచు కమ్మింది. తుంగమడుగుకు ఏ పిట్టా వెళ్లలేదు. చెంగు "తుంగ!" అని పిలిచి ఊరుకుంది. దుప్పి పిల్ల చిన్ని గంతులు వేస్తూ నీళ్లలోకి దిగింది.

నీళ్లు ఒక్కసారిగా పైకి లేచాయి. తల్లి దుప్పి కొమ్ములేని తలతోనే మొసలి కంటి మీద గుద్దింది. చిన్ని బయటపడింది కానీ వెనక కాలు విరిగిపోయింది.

అందరూ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు.

"నువ్వు అరవలేదేం చెంగూ?" అని తల్లి దుప్పి అడిగింది.

"మొసలి ఉందని నాకెవరూ చెప్పలేదు!"

"లేదని చెప్పారా?" అంది మడుగులు చూసొచ్చే తీతువు పిట్ట.



అప్పటికి అందరికీ అసలు సంగతి అర్థమైంది. టకటక పోయిన నాటి నుంచి, ఎవరూ చూడని మడుగుల్లోకి వాళ్లంతా పిల్లాపాపలతో నిశ్చింతగా దిగుతూనే ఉన్నారు!

వెంటనే టకటకను తిరిగి చేర్చారు. తీతువు చెంగు చేత మూడు రకాల మడుగులకూ పిలిపించి, స్వయంగా విని చూసింది. తర్వాత, "ఎగువ గుట్ట మాటేమిటి?" అని అడిగింది.

"వాళ్లనే కొత్త పేర్లు నేర్చుకోమను. పాతదానికి అతుకులు వేసే తీరిక నాకు లేదు" అంది చెంగు.

"వాళ్లు నేర్చుకునేలోగా దాహం ఆగుతుందా? పాత పేర్లు పాతవిగానే ఉండనీ. ఈ ఒక్క దిద్దుబాటు అందులో కలిపి వస్తాను."

పొగమంచులో దారి వెతుక్కుంటూ తీతువు ఎగిరిపోయింది. అదేం చేస్తుందో చూద్దామని చెంగు అలకతోనే తనూ గుట్టెక్కింది. ఎక్కేసరికి గొంతెండిపోయింది. పక్కనే జమ్మిమడుగు. వడ్రంగి పిట్ట దాని పేరు పిలిచి ఊరుకోవడం చెంగు విన్నది. తీతువు ఈపాటికి వచ్చి చెప్పేసి ఉంటుందనుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.

అంతలో అప్పుడే చేరిన తీతువు అరుపు, ఆ వెంటే వడ్రంగి పిట్ట టకటకటకా!

చెంగు ఒడ్డు వైపు తిరిగింది. ఒక్క గెంతు వేసింది. ప్రాణం దక్కింది కానీ తోక సగం మొసలి నోట్లో ఉండిపోయింది.

ఒడ్డున పడి ఎగశ్వాస తీస్తున్న చెంగు దగ్గరకు తీతువు వచ్చి వాలింది.

"వాగు అవతల ముంగిసలు..." అంది చెంగు, కళ్లు పెద్దవి చేసి. "టకటక మానమని వాళ్లకూ నేనే చెప్పాను!"

"ముందు ఆ నెత్తురు ఆగనీ."

"అవి నీళ్లకు వచ్చే వేళయింది" అని చెంగు లేచి, నెత్తురోడుతూనే వాగు వైపు పరుగెత్తింది. ముంగిసలు ఇంకా నీళ్లలోకి దిగకముందే వాటిని చేరింది.

ఆనాటి నుంచి పిలుపుల్లో ఏ చిన్న మార్పు చేసినా, తీతువు విని సరేనన్న తర్వాతే అడవి దాన్ని వాడింది.

నీతి: తెలియనిదాన్ని క్షేమమని అనుకోకూడదు. మన పొరపాటు ఎంత దూరం పాకిందో, దిద్దుబాటునూ అంత దూరం మనమే మోసుకెళ్లాలి.