సెన్యోర్ గారి కుర్చీ

ఓడ మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ ఏడు వానలు ఎలా ఉంటాయండీ అని అడిగినవాడిచేత బడి డాబా ఎక్కించి తూముల్లో ఆకులు తీయించారు. మా అమ్మాయికి ఎలాంటి సంబంధం చూడమంటారని అడిగిన పోస్టుమాస్టరుని, వారం రోజులు ఆ అమ్మాయి పక్కన కూర్చుని వల అల్లమన్నారు. ఎనిమిదో రోజు నుంచి పోస్టుమాస్టరు సంబంధాలు చూడడం మానేశాడు. అమ్మాయి ఏం చెప్పిందో ఆయన ఇంతవరకూ బయట పెట్టలేదు, మేం అడగడమూ మానలేదు. అందుచేత పూసలరేవులో తెలిసినవాళ్ళెవరూ మాస్టారిని ప్రశ్నలు అడగరు. శశిభూషణ్‌కి ఈ సంగతి తెలియదు. అతను ఊరికి కొత్త.

మాస్టారి అసలు పేరు మైలపల్లి నరసయ్య. ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల్లో వంట చేశారు. దక్షిణ అమెరికా రేవుల్లో ఉల్లిపాయలు బేరమాడుతూ స్పానిష్ నేర్చుకున్నారు. ఓడ దిగి ఇంటికొచ్చాక, రొయ్యల చెరువుల కూర్మారావు గారు తాను పెట్టిన హైస్కూల్లో ఆయనచేత ఆ భాష చెప్పించడం మొదలుపెట్టారు. మనవాళ్ళకి ఇంగ్లీషే సరిగా రాదు, స్పానిష్ ఎందుకండీ అని ఎవరో అడిగితే కూర్మారావు గారు, ఇంగ్లీషు రాకపోతే అందరికీ తెలిసిపోతుంది, స్పానిష్ రాకపోతే ఎవరికీ తెలియదు అన్నారు. మా ఊరు ఇంతకంటే తెలివైన మాట విని ఎరగదు.

మాస్టారి క్లాసులో పాఠ్యపుస్తకం లేదు. వల్లె వెయ్యడం లేదు. నల్లబల్ల ముందు ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. అందులో ఒక అతిథి కూర్చున్నాడని అనుకోవాలి. ఆయన్ని సెన్యోర్ అని పిలవాలి, అంటే అయ్యగారు అన్నట్టు. పిల్లలు వంతులవారీగా ఏడు గవ్వలు వేస్తారు. ఎన్ని తెరుచుకుని పడితే అన్ని మాటలతో ఆయన్ని ఒక ప్రశ్న అడగాలి. పక్కవాళ్ళెవరైనా ఆయన తరఫున జవాబు చెప్పాలి. చెప్పిన జవాబు ఆ రోజు నుంచి నిజం. శనివారం మాస్టారు వారంలో పోగైన నిజాలన్నీ ఒక కాగితం మీద స్పానిష్‌లో రాసి తెస్తారు, అందరూ పైకి చదువుతారు. అదే వాళ్ళ వాచకం. గోడకి ఒక పటం ఉంటుంది, దాని మీద నాలుగు మెట్లు. చెప్పింది అర్థమవుతుంది, ఇది మొదటి మెట్టు. నాకు కావలసింది అడగగలను, ఇది రెండోది. ఇంకొకరికి కావలసింది అడగగలను, ఇది మూడోది. నాలుగో మెట్టు దగ్గర మాస్టారు ఏమీ రాయలేదు. అక్కడిదాకా తాను వెళ్ళలేదట.

మొదటివారం సెన్యోర్ పొడుగు మనిషి, అంతే. రెండోవారానికి ఓడ నిచ్చెన మీదనుంచి పడి ఎడమకాలు కుంటిది అయింది. మూడోవారం చేప తినడని తేలింది. ఆ ఒక్క ముక్కతో ఆయన పరాయి దేశస్థుడేనని ఊరంతా నమ్మింది. తర్వాత ఒంటిగంట గంట కొట్టాకే వస్తాడనీ, కోటు ఎప్పుడూ తడిగానే ఉంటుందనీ కలిశాయి. వినాయక చవితి వెళ్ళేసరికి పిల్లలు గుమ్మంలో ఒక మనిషి పట్టేంత దారి వదిలి, పక్కకి ఒదిగి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. మేం నవ్వుకున్నాం. నవ్విన మేమే ఆ కిటికీ పక్కనుంచి పోయే దారి మానేసి, ఉప్పుకొట్టాల చుట్టూ తిరిగి వెళ్ళసాగాం. అటు గాలి బాగుంటుంది.

తొమ్మిదో తరగతిలో నూకరత్నం అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఒడ్డున గవ్వలూ శంఖాలూ అమ్ముతుంది. రోజూ ఆఫీసుగది నుంచి ఆ కుర్చీ మోసుకొచ్చేది ఈ పిల్లే. ఓణీ చెంగుతో తుడిచి, పక్కన స్టూలు మీద గ్లాసుడు మంచినీళ్ళు పెడుతుంది. సాయంత్రానికి గ్లాసు ఖాళీగా ఉండేది. అటెండరు సూరిబాబు తాగుతున్నాడని అందరం తీర్మానించాం. సూరిబాబు మాత్రం ఆ గది ఊడవడం మానేశాడు. ఇంత చేసిన పిల్ల బడి తెరిచిన దగ్గర్నుంచి స్పానిష్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. తన వంతు రాగానే గవ్వలు వేసేది. ఏడూ బోర్లా పడేవి. అంటే మాటలు సున్నా, వంతు పక్కవాళ్ళకి. ఒకసారి కాదు, ప్రతిసారీ. గవ్వల్లో పుట్టి పెరిగిన పిల్ల, దాని చేతిలో అవి ఎలా పడమంటే అలా పడతాయని క్లాసువాళ్ళు అనేవారు.

భాద్రపదంలో ఒక శనివారం కాగితంలో ఒక వాక్యం ఎక్కువ వచ్చింది. అందరూ ఒక్కసారైనా తనతో మాట్లాడేదాకా సెన్యోర్ ఇక్కడే ఉంటారు, ఆ తర్వాత వెళ్ళిపోతారు, అని. మాస్టారు రాశారని పిల్లలు అనుకున్నారు. పిల్లలు చెప్పారు కాబట్టే రాశానని మాస్టారు అనుకున్నారు. వారమంతా ఎవరేం చెప్పారో నెమరేసుకుంటే ఆ మాట ఎవరిదో తేలలేదు. ఎవరిదో తేలలేదు కాబట్టి కొట్టెయ్యడానికి ఎవరికీ హక్కు లేకపోయింది.

శశిభూషణ్ అప్పుడే వచ్చాడు. హైదరాబాదులో స్పానిష్ పట్టా పుచ్చుకున్నవాడు. మాస్టారికి ఒక కంట్లో శుక్లం దిగింది, రేపో మాపో క్లాసు అప్పగించాలి కాబట్టి ఆయన దగ్గర శిష్యరికం చెయ్యమని కూర్మారావు గారు పంపారు. మంచి కుర్రాడు. ఇస్త్రీ నలగకుండా బస్సు దిగిన మనిషిని మా ఊరు చూడడం అదే మొదలు. దసరా సెలవుల లోపల ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రిజిస్టరులో రాసి ఇవ్వాలనీ, ఏ మెట్టూ ఎక్కనివాళ్ళని స్పానిష్ నుంచి తీసేసి కుట్టుమిషన్ల గదికి పంపాలనీ కూర్మారావు గారి ఉత్తర్వు. ఇరవై తొమ్మిదిమంది పిల్లల్లో ఇరవై ఎనిమిది గడులు నిండాయి. మిగిలింది నూకరత్నం గడి. ఉత్తర్వు విన్నరోజు ఆ పిల్ల ఏడవలేదు. కుర్చీని మాత్రం రెండుసార్లు తుడిచింది.

సెలవులకి రెండు రోజులుందనగా శశిభూషణ్ మాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్నారు. అతను అడగకూడని పని చేశాడు, అడిగాడు.

"మాస్టారూ, నోరు విప్పని పిల్లకి భాష వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలండీ?"

మాస్టారు చేతిలో ఉన్న పాయ పూర్తిచేసి, పొట్టు ఊదేసి, రేపు ఒంటిగంటకి నువ్వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో బాబూ అన్నారు. శశిభూషణ్ దీన్ని బోధనాపద్ధతి అనుకున్నాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాడు కూడా.

మర్నాడు నూకరత్నం కుర్చీ తెచ్చింది, తుడిచింది, నీళ్ళు పెట్టింది. గంట కొట్టారు. పిల్లలు దారి వదిలి లోపలికొచ్చారు. మాస్టారు వెనక బల్ల మీద వాళ్ళలో ఒకరిలా కూర్చున్నారు. శశిభూషణ్ రిజిస్టరు పట్టుకుని నడిచి వెళ్ళి, సెన్యోర్ గారి కుర్చీలో కూర్చున్నాడు.

అతను ముందు బల్లవాణ్ణి స్పానిష్‌లో పలకరించాడు. వాడు మామూలుగా ఆపితే ఆగని రకం, వాడూ పలకలేదు. ఇరవై తొమ్మిదిమంది తననే చూస్తున్నారని మొదట అనుకున్నాడు. కాసేపటికి తెలిసింది, వాళ్ళు చూస్తున్నది తన ఎడమభుజం పక్కన, కాస్త ఎత్తుగా. పొడుగు మనిషి మొహం ఉండే ఎత్తు. అతనికి ఎడమవైపు చలి తగిలింది. రేవులో చేపల ఐసుపెట్టె మూత తీసినప్పుడు పక్కన నిలబడ్డవాడికి తగులుతుందే, అలాంటి చలి. కిందకి చూశాడు. కుర్చీ పక్కన సిమెంటు నేల మీద పాదమంత తడి ఉంది. దాని పక్కన సగం పాదమంత ఇంకొకటి, బరువు సరిగా ఆననట్టు. గ్లాసు ఒలికిందేమోనని చూశాడు. గ్లాసు నిండుగా ఉంది.

ఇది నాకు చెప్పిన పిల్లలు ఇరవై ఎనిమిదిమంది ఇరవై ఎనిమిది రకాలుగా చెప్పారు. తడి దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట.

తడి వెడల్పవుతోంది. అప్పుడు నూకరత్నం లేచింది. తన వంతు కాదు. ముందుకి వచ్చి, గవ్వలు తీసుకుని, బల్ల మీద వేసింది. ఏడూ తెరుచుకుని పడ్డాయి. ఆ పిల్ల శశిభూషణ్ మొహంలోకి చూసి, తొందర లేకుండా, రేవులో పుట్టినవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది.

"పోర్ ఫవోర్, ఎల్ సెన్యోర్ ఎస్తా దె పియె."

దయచేసి, అయ్యగారు నిలబడి ఉన్నారు, అని. సరిగ్గా ఏడు మాటలు. పట్టా ఉన్నవాడికి ఎక్కడా తప్పు దొరకలేదు. వెతికాడట, అలవాటుకొద్దీ. తర్వాత తెలుగులోనే, ఇంత బాగా వచ్చినదానివి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదమ్మా అన్నాడు.

నూకరత్నం గవ్వలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇప్పుడు కూడా ఆయనతో మాట్లాడలేదు సార్. మీతోనే మాట్లాడాను. అది శనివారం కాగితం లెక్కలోకి రాదు కదండీ?"

ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. శశిభూషణ్ మాట కోసం కాదు, అతని పక్కనుంచి ఏదైనా కదులుతుందేమోనని చూస్తోంది. పెదవులు గట్టిగా బిగించుకుంది.

ఆ రిజిస్టరు ఇప్పుడు కూర్మారావు గారి బీరువాలో ఉంది. నూకరత్నం గడి దగ్గర కాగితం తడిసి ఉబ్బింది, ఏం రాశారో చదవడానికి వీల్లేదు. కూర్మారావు గారు దాన్ని ఎండలో పెట్టించారు, ఆరలేదు. కుట్టుమిషన్ల గది మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. పైగా ఆ గదిని క్లాసు పక్కనుంచి మార్పించి బడి అవతలి చివర పెట్టించారు. వెలుతురు కోసమని చెప్పారు. మేం నమ్మాం.

అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం శశిభూషణ్ కలం మూత తీసి, గడి మీద పెట్టి, వెనక బల్లవైపు తిరిగి, మరి ఈ పిల్లకి ఏ మెట్టు రాయమంటారు మాస్టారూ అని అడిగాడు. మాస్టారు శుక్లం దిగిన కంటిని చేత్తో మూసుకుని, మంచి కంటితో అతని ఎడమభుజం పక్కకి, కాస్త ఎత్తుగా చూశారు.

"రాద్దువుగాని. ముందు లే బాబూ, ఆ కాలితో ఎంతసేపు నిలబడతాడు."